గోడ కనిపించగానే రాజుగారిని వెతక్కండి: ఫ్రాన్స్ పల్లెల్లోని కోట ఊళ్లపై అపోహలు - వాస్తవాలు

బోర్డోలో కాపురం పెట్టినప్పటి నుంచి నైరుతి ఫ్రాన్స్ పల్లెలను తెలుగు కుటుంబాలకు చూపించడమే నా పని. పారిస్ చూడటం అయిపోయాక, "ఏదైనా పాత కోట ఊరికి తీసుకెళ్లండి" అని అడిగేవాళ్లు నా దగ్గరికి వస్తారు. ఎక్కువసార్లు నేను తీసుకెళ్లేది మోంపాజియేకి. దోర్దోన్య ప్రాంతంలో, జనాభా ఐదు వందలకు అటూ ఇటూ ఉండే ఊరు అది. దాదాపు ప్రతి బృందంతోనూ ఇవే అపోహలు బస్సు దిగుతాయి.

అపోహ: కోట ఊరంటే మధ్యలో రాజుగారి భవనం ఉండాలి.

గోల్కొండ చూసిన కళ్లు ఇక్కడా బాలా హిసార్ కోసం వెతుకుతాయి. "ఇంతకీ రాజు ఎక్కడ ఉండేవాడండీ?" అని అడుగుతారు. ఈ ఊళ్లో ఏ రాజూ కాపురం ఉండలేదు. 1284లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ పేరు మీద ఈ ఊరు వెలిసింది. ఆ రోజుల్లో ఇంగ్లండ్ రాజే ఇక్కడి అక్విటేన్‌కు డ్యూక్ కూడా. నేల దగ్గర్లోని బిరోన్ అనే చోటి ప్రభువుది. ఇద్దరూ పొత్తు ఒప్పందం రాసుకుని, వచ్చి స్థిరపడేవాళ్లకు ఇంటిస్థలం, సాగుకు నేల, కొన్ని హక్కులు ఇచ్చారు. బదులుగా రాజుకూ ప్రభువుకూ దక్కేది పన్నులు, సంత సుంకాలు. ఇలా పుట్టిన ఊళ్లను బాస్టీడ్‌లు అంటారు. 13, 14 శతాబ్దాల్లో ఈ ప్రాంతంలో ఇలాంటివి వందల్లో వెలిశాయి. ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజులవి అని చెబితే మనవాళ్లకు ఆ కాలం చప్పున అందుతుంది.

కాబట్టి ఈ ఊరికి నడిబొడ్డు సంత. నలుచదరపు మైదానం, చుట్టూ రాతి కమానుల వసారాలు, ఒక పక్కన లావుపాటి దూలాల మీద నిలిచిన పాత సంత చావడి. ఆ చావడిలో పూర్వం ధాన్యం కొలిచిన పాత్రలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకసారి తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, నేను నోరు తెరవకముందే వాటి దగ్గరికి వెళ్లి, అంచు మీద అరచెయ్యి ఆనించి, ధాన్యం తలకొట్టినట్టు అడ్డంగా లాగి, "ఇది కుంచమేనమ్మా" అన్నారు. ఆ చావడి గురించి ఇన్నేళ్లలో నేను చెప్పిందంతా ఆ ఒక్క మాటలో ఉంది.

అపోహ: పాత ఊరంటే వంకర సందులే. తిన్నని వీధులుంటే తర్వాత వేసినవే.

మోంపాజియే పటం చూస్తే గళ్ల నోటుపుస్తకం గుర్తొస్తుంది. సుమారు 400 మీటర్ల పొడవు, 220 మీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం. తాడు పట్టి గీసినట్టున్న వీధులు, వాటిని నిలువునా కోసే అడ్డవీధులు. ఇదంతా పుట్టుకతో వచ్చిన ప్లానే. వచ్చినవాళ్లకు స్థలాలు సమానంగా పంచాలంటే ముందు నేల కొలిచి గీతలు గీయాలి కదా.

ఇక్కడ నేను అందరినీ తప్పకుండా ఆపే చోటు ఒకటుంది: రెండు ఇళ్ల మధ్య సందు. సందు అనడానికి కూడా మనసొప్పదు, జానెడుకు కాస్త ఎక్కువ ఉంటుందంతే. చెయ్యి పెడితే పోతుంది, భుజం పట్టదు. లోపల ఎండ తగలని రాయి చల్లగా, నాచు వాసనతో ఉంటుంది. పక్కింటి గోడకు ఆనించి ఎందుకు కట్టుకోలేదంటే, ఒక ఇల్లు అంటుకుంటే మంట రెండో ఇంటికి పాకకుండా. చూరు నీళ్లూ, ఇంటి మురుగూ దాంట్లోంచే పోయేవి. గోడల కన్నా బురుజుల కన్నా ఈ ఖాళీలే నాకు ఆ మనుషులను దగ్గర చేస్తాయి. రోజూ వాళ్లను భయపెట్టింది శత్రువు కాదు, పొయ్యిలో నిప్పు.

అపోహ: ముందు కోటగోడ కట్టి, తర్వాత లోపల ఊరు కట్టారు. గోడ మీంచి మరిగే నూనె పోసేవారు.

చాలా బాస్టీడ్‌లు మొదట గోడ లేకుండానే మొదలయ్యాయి. ఇంగ్లండ్, ఫ్రాన్స్ రాజుల మధ్య పోరు ముదిరే కొద్దీ గోడలు లేచాయి. మోంపాజియేలో ఇప్పుడు మూడు ద్వారాలు మిగిలాయి. యుద్ధం లేని రోజుల్లో ద్వారానికి ఇంకో పని ఉండేది: సరుకు లోపలికి వచ్చేటప్పుడు సుంకం వసూలు చేయడం. ఇక నూనె సంగతి. ఆ రోజుల్లో నూనె ఖరీదైన వస్తువు, గోడ మీంచి ఒలకబోసేంత చవక కాదు. కింద ఉన్నవాళ్ల మీద ఎక్కువగా పడింది రాళ్లే. వేణ్నీళ్లు, కాల్చిన ఇసుక కూడా వాడేవారు.

గోడ ఉంటే చాలు, ఊరు భద్రం అనుకోవడానికీ లేదు. ఇక్కడికి గంటలోపు దూరంలోనే దొమ్ అనే ఇంకో కోట ఊరుంది. 1281లో ఫ్రాన్స్ రాజు మూడో ఫిలిప్ దాన్ని దోర్దోన్య నది పైన నిలువు కొండ మీద కట్టించాడు. నది వైపు కొండచరియే కోటగోడ అనుకున్నారు. 1588లో ప్రొటెస్టెంట్ సేనాని జోఫ్రువా ద వివాన్ ముప్పై మందితో రాత్రిపూట సరిగ్గా ఆ చరియనే ఎక్కి ఊళ్లో దిగి, తన సైన్యానికి తలుపులు తెరిచాడు. దొమ్‌లో నది వైపు చివర నిలబడి కిందికి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

అపోహ: ఇవన్నీ టూరిస్టుల కోసం మళ్లీ కట్టినవి.

ఈ అనుమానానికి దక్షిణ ఫ్రాన్స్‌లోని పేరున్న కోట నగరం కార్కాసోన్ కారణం. అక్కడ 19వ శతాబ్దంలో వియోలె ల్య ద్యూక్ అనే వాస్తుశిల్పి పెద్ద ఎత్తున పునరుద్ధరణ చేశాడు. బురుజుల మీద ఆయన పెట్టించిన సూదికొన పలకరాతి కప్పుల మీద వాదన ఇంకా ఆగలేదు. మోంపాజియే కథ అది కాదు. ఇక్కడ ఇళ్లు తరతరాలుగా మరమ్మతులు చేసుకుంటూ వచ్చినవి. కింద అంతస్తు ఒక శతాబ్దానిది, పైది మరో శతాబ్దానిది. లోపల మనుషులున్నారు. అందుకే చేతులెత్తి దండం పెట్టి మరీ చెబుతున్నా, కిటికీల్లోంచి లోపలికి ఫోటోలు తీయకండి. దుకాణంలో అడుగుపెట్టగానే "బోన్‌జూర్" అనండి. అది అనకుండా ధర అడిగితే ఇక్కడ మర్యాద తప్పినట్టే.

ఆ మైదానం అందం గురించి ఎంతైనా చెప్తాను, కానీ అక్కడ జరిగింది దాచను. 1637లో పన్నుల భారం మీద తిరగబడ్డ రైతుల నాయకుల్లో ఒకడైన బ్యుఫారోను ఇదే మైదానంలో చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టి చంపారు. పిల్లలున్న బృందాలకైతే వివరాలు తగ్గించి చెబుతాను, కానీ చెప్పకుండా మాత్రం కదలను.

అపోహ: పారిస్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

ఐదు వందల కిలోమీటర్లకు పైనే. రైల్లో బోర్డో, అక్కడి నుంచి బెర్జెరాక్, ఆపైన కారు. కనీసం ఒక రాత్రి ఉండండి. గురువారం పొద్దున సంత పడేలా చూసుకోండి. శరదృతువులో వానలు బాగా పడితే అదే చావడిలో అడవి పుట్టగొడుగుల సంత కూడా జరుగుతుంది. ఇంకో మాట, పన్నెండింటికి భోజనానికి కూర్చోండి. నా మొదటి బృందాన్ని నేను రెండింటికి తీసుకెళ్లాను. వంటిల్లు మూసేశారు. ఏడాది చిన్నారికి పాలు వేడి చేయించడానికి ఊరంతా తిరగాల్సి వచ్చింది. అప్పటి నుంచి భోజనం బల్ల ముందే బుక్ చేయకుండా బోర్డోలో బండి కదిలించను.

అపోహ: మాంసం లేని వంటకం చూసుకుంటే శాకాహారులకు ఇబ్బంది లేదు.

పెరిగోర్ అంటే, దోర్దోన్య ప్రాంతానికి పాత పేరది, బాతు కొవ్వు దేశం. వెల్లుల్లి, కొత్తిమీర లాంటి ఆకు వేసి వేయించిన బంగాళాదుంపలు కనిపించగానే మనవాళ్ల ముఖాలు వెలుగుతాయి. ఇక్కడి సార్లా అనే ఊరి పేరుతో పిలిచే ఆ వేపుడు బాతు కొవ్వులో చేస్తారు. వెల్లుల్లి సూప్‌లో కూడా చాలాచోట్ల అదే కొవ్వు పడుతుంది. పచ్చి సలాడ్‌లో పంది మాంసం ముక్కలు చల్లుతారు. "వెజిటేరియన్" అంటే సరిపోదు, "సాన్ వియాంద్, సాన్ గ్రెస్ ద కనార్" అనండి. అంటే మాంసం వద్దు, బాతు కొవ్వు వద్దు. అలా అడిగితే మేక పాల చీజ్, అక్రోటు కాయలు, రొట్టె వస్తాయి. గుడ్డు తినేవాళ్లయితే పుట్టగొడుగుల ఆమ్లెట్ అడగండి, వెన్నతో వేయమని చెప్పడం మరవకండి.