బరువు కాదు, బుల్లెట్ పొడవు చూడాలి

టార్గెట్ కాగితం మీద గుండ్రని రంధ్రం పడాల్సిన చోట తాళపుచెవి కన్నంలాంటి పొడవాటి చీలిక కనిపిస్తే, బుల్లెట్ మొన ముందుకు పెట్టుకుని రాలేదన్నమాట. దారిలో అడ్డం తిరిగి, పక్కవాటుగా వచ్చి తగిలింది. షూటర్లు దీన్ని కీహోల్ అంటారు. రైఫిల్ మంచిదే కావచ్చు, చెయ్యీ నిలకడగానే ఉండి ఉండవచ్చు. ఆ బ్యారెల్‌కూ ఆ బుల్లెట్‌కూ జత కుదరకపోతే మాత్రం ఫలితం ఇలాగే ఉంటుంది.

రైఫిల్ బ్యారెల్ లోపలి గోడ మీద మెలి తిరుగుతూ సాగే గాడులుంటాయి. బుల్లెట్ వాటిని ఒరుసుకుంటూ బయటికి వచ్చేసరికి తన చుట్టూ తాను గిర్రున తిరుగుతుంటుంది. ఒక గాడి పూర్తి చుట్టు తిరగడానికి పట్టే పొడవే ట్విస్ట్ రేటు. 1:8 అంటే 8 అంగుళాలకు ఒక చుట్టు. అంకె చిన్నదయ్యేకొద్దీ ట్విస్ట్ వేగం పెరుగుతుంది. కొత్తవాళ్ళు ఇక్కడే తికమకపడుతుంటారు. సెకనుకు 850 మీటర్ల వేగంతో 1:8 బ్యారెల్ దాటిన బుల్లెట్ నిమిషానికి దాదాపు రెండున్నర లక్షల చుట్లు తిరుగుతుంది.

ఇంత వేగంగా తిరగడం ఎందుకు? బాణానికి వెనక ఈకలుంటాయి కాబట్టి గాలి దాని తోకను పట్టి నిటారుగా ఉంచుతుంది. బుల్లెట్ సంగతి తలకిందులు. దాని బరువు కేంద్రం వెనకవైపు ఉంటే, గాలి ఒత్తిడి పనిచేసే చోటు మొన వైపు ఉంటుంది. మొన కాస్త పక్కకు ఒరిగితే చాలు, గాలి దాన్ని ఇంకా ఒరగదీస్తుంది. తిరిగే బొంగరం పడిపోకుండా నిలిచినట్టే, తిరిగే బుల్లెట్ కూడా ఆ తోపుకు లొంగకుండా నిలుస్తుంది.

బొంగరాన్ని తిప్పినట్టే ఒక పెన్సిల్‌ను మొన మీద నిలబెట్టి తిప్పి చూడండి. బొంగరం నిలుస్తుంది, పెన్సిల్ పడిపోతుంది. సన్నగా పొడుగ్గా ఉన్న వస్తువును నిలబెట్టాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ వేగంతో తిప్పాలి. బ్యారెల్ ఎంపిక మొత్తం ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది. పొడవు పెరిగేకొద్దీ ట్విస్ట్ వేగం పెరగాలి.

ఇంగ్లండ్‌లోని వూల్విచ్‌లో ఫిరంగి దళ అధికారులకు గణితం బోధించిన ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో దీనికి ఒక తేలికైన సూత్రం ఇచ్చాడు. బుల్లెట్ పొడవు దాని వ్యాసానికి ఎన్ని రెట్లుందో చూసి, 150ని ఆ సంఖ్యతో భాగిస్తే, ఎన్ని వ్యాసాల దూరానికి ఒక చుట్టు కావాలో తెలుస్తుంది. పొడవు 4 రెట్లుంటే 37.5 వ్యాసాలకు ఒక చుట్టు. 5 రెట్లుంటే 30 వ్యాసాలకే ఒక చుట్టు. ఈ లెక్కలో బరువు అనే మాటే లేదు, గమనించారా? లోహం సాంద్రత మారితే మాత్రం సూత్రాన్ని సవరించుకోవాలి.

మరి పెట్టెల మీద బరువే ఎందుకు రాస్తారు? ఒకే వ్యాసంలో, సీసం నింపి రాగి తొడుగు వేసిన బుల్లెట్లలో, బరువు పెరిగితే పొడవూ పెరుగుతుంది. అందుకని బరువును పొడవుకు గుర్తుగా వాడటం అలవాటైంది. పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్లు వచ్చాక ఈ అలవాటు మోసం చేస్తోంది. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములైతే రాగిది దాదాపు 9 మాత్రమే. అదే వ్యాసంలో అదే బరువు రావాలంటే రాగి బుల్లెట్ పొడుగ్గా ఉండాల్సిందే. సీసం బుల్లెట్‌కు చక్కగా సరిపోయిన బ్యారెల్ అదే బరువున్న రాగి బుల్లెట్‌ను నిలబెట్టలేకపోవచ్చు.

ఇప్పుడు ఎక్కువమంది వాడేది డాన్ మిల్లర్ 2005లో ప్రచురించిన సూత్రం. ఇది బుల్లెట్ పొడవు, వ్యాసం, బరువు, ట్విస్ట్ తీసుకుని, బుల్లెట్ నిలకడను చెప్పే స్టెబిలిటీ ఫ్యాక్టర్ అనే ఒక సంఖ్య ఇస్తుంది. 1 కంటే తక్కువైతే బుల్లెట్ దొర్లిపోతుంది. లాంగ్ రేంజ్‌కు 1.5 దగ్గర్లో ఉంచుకోవడం మంచిది. అంతకంటే తగ్గితే కీహోల్ పడకపోయినా మొన సన్నగా ఊగుతూ గాలి నిరోధం పెరుగుతుంది. దగ్గర టార్గెట్ మీద గ్రూపు, అంటే రంధ్రాల గుంపు, బాగానే కనిపిస్తుంది కాబట్టి ఈ లోపం దూరానికి వెళ్ళేదాకా బయటపడదు.

5.56 మిల్లీమీటర్ల రైఫిల్‌నే తీసుకుందాం. 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువుకు వాడే చిన్న కొలత) బుల్లెట్ సుమారు 19 మిల్లీమీటర్ల పొడవుంటుంది. 1:12 బ్యారెల్‌లో దాని ఫ్యాక్టర్ దాదాపు 1.3. అదే బ్యారెల్‌లో 25 మిల్లీమీటర్ల పొడవున్న 77 గ్రెయిన్ల బుల్లెట్ పెడితే 0.8కి పడిపోతుంది. అంటే కీహోల్ ఖాయం. బ్యారెల్ 1:8 అయితే అదే బుల్లెట్‌కు 1.7 దాటుతుంది.

తూటాలో పేలుడు మందు కాస్త పెంచితే సరిపోతుందని కొందరంటారు. సరిపోదు. వేగం పెరిగితే తిరగడం పెరుగుతుంది, నిజమే. కానీ గాలి తోపు కూడా దానితోపాటే పెరుగుతుంది. మిల్లర్ లెక్క ప్రకారం వేగాన్ని 10 శాతం పెంచితే ఫ్యాక్టర్ పెరిగేది 3 శాతమే. ట్విస్ట్‌ను 1:12 నుంచి 1:10కి మారిస్తే 44 శాతం పెరుగుతుంది.

గాలి సాంద్రత ప్రభావం వేగం ప్రభావం కంటే పెద్దది. చల్లని గాలి చిక్కగా ఉంటుంది, ఎత్తైన ప్రదేశాల్లో గాలి పలచగా ఉంటుంది. అమెరికా సైన్యం 1960ల మొదట్లో కొత్త ఎం16 రైఫిల్‌ను గడ్డకట్టే చలిలో పరీక్షించినప్పుడు 1:14 ట్విస్ట్ చాలలేదు, దాన్ని 1:12కి మార్చాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన ఎం16ఏ2కి 1:7 పెట్టారు. దారి కనిపించేలా వెలుగుతూ వెళ్ళే పొడవాటి ట్రేసర్ బుల్లెట్‌ను నిలబెట్టడం కోసమే అంత వేగం అవసరమైంది. ఎండాకాలంలో కొండ మీద సరిచూసుకున్న జత చలికాలంలో సముద్రమట్టానికి దిగితే నిలకడ తప్పే అంచున పడుతుంది.

ట్విస్ట్ తప్పిన ఖరీదుకు నాకు అన్నిటికంటే గుర్తుండేది రెమింగ్టన్ కథ. 1955లో ఆ కంపెనీ .244 రెమింగ్టన్ అనే తూటాను, దానికి తగ్గ రైఫిళ్ళను 1:12 ట్విస్ట్‌తో తెచ్చింది. దాదాపు అదే శక్తి ఉన్న .243 వించెస్టర్ 1:10తో వచ్చింది, 100 గ్రెయిన్ల బుల్లెట్‌ను కూడా నిలబెట్టింది. కొనేవాళ్ళు వించెస్టర్ వైపే వెళ్ళారు. రెమింగ్టన్ ట్విస్ట్‌ను 1:9కి మార్చి, 1963లో పేరు కూడా 6ఎంఎం రెమింగ్టన్ అని మార్చింది. అయినా వెనకబాటు పూడలేదు.

అలాగైతే అన్నిటికీ 1:7 పెట్టేస్తే పోదా? కొంత నష్టం ఉంది. ఏ బుల్లెట్ బరువు కేంద్రమూ సరిగ్గా ఇరుసు మీద ఉండదు. ఆ తేడా 2.5 మైక్రాన్లే అనుకున్నా, గొట్టం దాటగానే బుల్లెట్ పక్కకు విసిరినట్టు జరుగుతుంది. 100 మీటర్ల దగ్గర ఆ జరుగుడు 1:12లో 5 మిల్లీమీటర్లు, 1:7లో 9 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మరీ వేగంగా తిప్పితే పలచటి తొడుగున్న బుల్లెట్లు గాలిలోనే చిట్లిపోతాయి. ఇవాళ్టి నాణ్యమైన టార్గెట్ బుల్లెట్లలో ఈ తేడాలు చాలా తక్కువ. అందుకే అనుమానం ఉన్నప్పుడు కాస్త వేగమైన ట్విస్ట్ వైపే మొగ్గడం మేలని నా అభిప్రాయం.

ట్విస్ట్ అన్నీ నయం చేయదు కూడా. దూరం వెళ్ళేకొద్దీ బుల్లెట్ ముందుకు పోయే వేగం త్వరగా తగ్గుతుంది, తిరిగే వేగం నిదానంగా తగ్గుతుంది. కాబట్టి బొంగరం తరహా నిలకడ దారిలో పెరుగుతూనే ఉంటుంది. చిక్కల్లా ధ్వని వేగం దగ్గర, అంటే సెకనుకు 340 మీటర్ల చుట్టుపక్కల వస్తుంది. అక్కడ గాలి ఒత్తిడి చోటు మారిపోయి మొన ఊగడం మొదలవుతుంది. 300 మీటర్ల పోటీ కోసం రూపొందించిన సియెర్రా 168 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్ బుల్లెట్‌ను .308 రైఫిళ్ళలో 1000 గజాలకు వాడినవాళ్ళు ఈ బాధ బాగా ఎరుగుదురు. దాని తోక వాలు, అంటే వెనక భాగం సన్నబడే కోణం, 13 డిగ్రీలు. వాలు 9 డిగ్రీలకు తగ్గించిన 175 గ్రెయిన్ల బుల్లెట్ ఆ గండాన్ని మెరుగ్గా దాటుతుంది.

కాబట్టి కొట్టాల్సిన దూరాన్ని బట్టి ముందు బుల్లెట్‌ను ఎంచుకుని, దాని పొడవును బట్టి బ్యారెల్‌ను ఎంచుకోవాలి. బ్యారెల్ ఇప్పటికే చేతిలో ఉంటే దాని ట్విస్ట్‌ను స్వయంగా కొలుచుకోండి, చెక్కిన అంకెకూ అసలుకూ కొంచెం తేడా ఉండవచ్చు. రైఫిల్‌లో తూటా లేదని రెండుసార్లు చూసుకున్నాక, స్వేచ్ఛగా తిరిగే పిడి ఉన్న క్లీనింగ్ రాడ్‌కు బిగుతుగా గుడ్డ చుట్టి లోపలికి తోయండి. రాడ్ మీద ఒక గుర్తు పెట్టుకుని, అది సరిగ్గా ఒక చుట్టు తిరిగేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు కదిలిందో చూడండి. రెండు మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి.