దిగులుకూ షుగర్‌కూ లంకె: పిల్లుల పంజరం నుంచి ఫోన్ యాప్ దాకా

"టెన్షన్ పడకండి, షుగర్ పెరుగుతుంది" అన్న మాట వినని తెలుగిల్లు ఉండదు. ఇప్పుడు ఆ మాట ఫోన్ చెబుతోంది. పది నిమిషాలు కళ్లు మూసుకోండి, ఊపిరి మీద ధ్యాస పెట్టండి అంటూ యాప్‌లు గుర్తుచేస్తున్నాయి. ఇది కొత్త ఫ్యాషన్ అనుకుంటే పొరపాటే. ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ 17వ శతాబ్దంలోనే దీర్ఘకాలపు దుఃఖాన్ని మధుమేహ కారణాల్లో చేర్చాడు. 1849లో ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ కుందేలు మెదడు అడుగున సూదితో గుచ్చితే దాని మూత్రంలో చక్కెర కనిపించింది.

అసలు రుజువు హార్వర్డ్‌లో దొరికింది. 1911లో అక్కడి శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కేనన్ బృందం పిల్లులను భయపెట్టి చూసింది. పంజరంలో ఉన్న పిల్లి మీదికి ఓ చిన్న కుక్క మొరుగుతూ ఎగబడేది. కాసేపటికి ఆ పిల్లి మూత్రంలో చక్కెర తేలేది. 1913లో ఫుట్‌బాల్ సీజన్ చివరి పోటీ ముగియగానే 25 మంది ఆటగాళ్లకు పరీక్ష చేస్తే 12 మందిలో చక్కెర ఉంది. వాళ్లలో ఐదుగురు మైదానంలోకి దిగనే లేదు, బయట కూర్చుని ఉత్కంఠతో చూసినవాళ్లే! భయం పుట్టగానే అడ్రినలిన్ అనే హార్మోన్ ఊరుతుంది, కాలేయం దాచుకున్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. పోరాడటానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఏర్పాటు అది. ఆఫీసు కుర్చీలో కదలకుండా కూర్చున్న మనిషికి ఆ గ్లూకోజ్ ఖర్చయ్యే దారేదీ?

1921లో ఇన్సులిన్ వచ్చాక వైద్యుల చూపంతా మోతాదు మీదికి, తిండి కొలతల మీదికి మళ్లింది. మనసు సంగతి వెనకబడింది. తిరిగి దాన్ని గట్టిగా ముందుకు తెచ్చినవాళ్లలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ సర్విట్ ఒకరు. 2002లో వెలువడిన ఆయన అధ్యయనంలో 108 మంది టైప్ 2 (పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే రకం) షుగర్ రోగులు చేరారు. అందరికీ షుగర్ గురించి ఐదు విడతల పాఠాలు చెప్పారు. కొందరికి మాత్రం వాటితో పాటు కండరాలను సడలించడం వంటి పద్ధతులు నేర్పారు. ఏడాది తర్వాత వాళ్ల హెచ్‌బీఏ1సీ, అంటే మన వాడుకలో మూడు నెలల షుగర్, దాదాపు అర శాతం తగ్గింది. పెద్ద ఖర్చు లేని శిక్షణకు ఇది చిన్న ఫలితం కాదు. అంతకుముందే, 1995లో విలియం పొలోన్‌స్కీ బృందం షుగర్ తెచ్చిపెట్టే బెంగను కొలవడానికి 20 ప్రశ్నల పట్టిక తయారుచేసింది. రోజూ సూది, రోజూ లెక్క, రేపేమవుతుందోనన్న భయం: వైద్యులు దీన్ని డయాబెటిస్ డిస్ట్రెస్ అంటారు.

2008లో యాప్ స్టోర్ తెరుచుకున్నాక రెండు రకాల యాప్‌లు వేర్వేరుగా పెరిగాయి. షుగర్ లెక్కలు రాసుకునే మైషుగర్ యాప్ 2010లో వియన్నాలో మొదలైంది. దాన్ని స్థాపించినవాళ్లలో ఇన్సులిన్ తప్పనిసరైన టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లూ ఉన్నారు. ఆ యాప్ తెర మీద షుగర్‌ను ఓ భూతంగా చూపించి, లెక్కలు నమోదు చేసేకొద్దీ దాన్ని మచ్చిక చేసుకోమంటుంది. 2017లో రోష్ కంపెనీ దాన్ని కొనేసింది. మరోవైపు హెడ్‌స్పేస్, కామ్ వంటివి ధ్యానం నేర్పాయి గానీ వాటికి గ్లూకోమీటర్‌తో పనిలేదు. నా మట్టుకు ఈ ఎడం మంచిది కాదనిపిస్తుంది. ఎర్ర రంగులో మెరిసే 280 అంకె చూసి గుండె గుభేలుమన్నవాడికి ఓదార్పు మరో యాప్‌లో వెతుక్కోమంటే ఎలా? పైగా చెమటలు, వణుకు, గుండెదడ అన్నవి ఆందోళనకే కాదు, షుగర్ పడిపోయినప్పుడూ వస్తాయి. ఇన్సులిన్ వాడేవాళ్లు అప్పుడు ముందు చూసుకోవాల్సింది గ్లూకోమీటర్. ఊపిరి కసరత్తు తర్వాత సంగతి.

మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో అంచనా కట్టింది. షుగర్‌తో పాటు కుంగుబాటు ఉన్న 404 మందితో ఢిల్లీ, చెన్నై, బెంగళూరు, విశాఖపట్నంలోని నాలుగు క్లినిక్‌లలో ఓ అధ్యయనం జరిగింది. కొందరికి మామూలు వైద్యమే అందింది. మిగతావాళ్ల విషయంలో వైద్యుడికి కంప్యూటర్ సూచనలిచ్చేది, శిక్షణ పొందిన సహాయకులు రోగుల వెంట ఉండి యోగక్షేమాలు కనుక్కునేవారు. రెండేళ్లకు కుంగుబాటు సగానికి తగ్గి, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్‌లో ఒకటైనా మెరుగైనవాళ్లు ఈ రెండో గుంపులో 71.6 శాతం, మామూలు వైద్యం అందుకున్నవాళ్లలో 57.4 శాతం. 2020లో వచ్చిన ఈ ఫలితాల్లో సాఫ్ట్‌వేర్ వాటా ఎంతో, పలకరించిన మనిషి వాటా ఎంతో విడదీయలేం. ఒట్టి యాప్ చేతికిచ్చి ఇదే ఫలితం ఆశిస్తే మాత్రం కుదరదు. మాట్లాడే మనిషే కావాలనుకుంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 తెలుగులోనూ పలుకుతుంది.