ఇంటింటికీ టీవీ లైసెన్సు రుసుము: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండులోని రెడింగ్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లిన మూడో రోజు తలుపుకున్న సందులోంచి ఒక ఉత్తరం జారి లోపల పడింది. కవరు మీద పేరు లేదు. పేరు ఉండాల్సిన చోట ‘చట్టబద్ధ నివాసి’ అని అర్థం వచ్చే మాట ఉంది. ఈ చిరునామాకు టీవీ లైసెన్సు లేదు, అవసరమైతే విచారణకు మనిషి వస్తాడు అని లోపల రాశారు. అల్లుడు దాన్ని విప్పి చూసి చెత్తబుట్ట వైపు నడిచాడు. “మనం బీబీసీ చూడం కదా మామయ్యగారూ, కట్టక్కర్లేదు” అన్నాడు.

అతను తేల్చింది ఒప్పేననిపించింది. చెప్పిన కారణం మాత్రం తప్పు. ముప్ఫై రెండేళ్లు టీవీ ట్రాన్స్‌మిటర్ల దగ్గర పనిచేసి రిటైరైన ఇంజనీరుని నేను. ఈ రుసుము గురించి మన వాళ్లు, అక్కడి వాళ్లు కూడా చెప్పుకునే మాటల్లో నిజమెంతో ఒకచోట రాసి పెడదామని అప్పుడే అనిపించింది.

అపోహ: బీబీసీ చూడకపోతే కట్టనక్కర్లేదు.

బ్రిటన్‌లో లైసెన్సు డబ్బు వెళ్లేది బీబీసీకే అయినా, అది బీబీసీకి చందా కాదు. ఏ చానల్‌నైనా ప్రసారమవుతున్న సమయంలోనే చూసేందుకు, రికార్డు చేసుకునేందుకు ఇచ్చే అనుమతి. ప్రకటనల మీద బతికే ఐటీవీని ప్రత్యక్షంగా చూసినా లైసెన్సు ఉండాలి. టీవీలోనా, ఫోనులోనా, కంప్యూటర్‌లోనా అన్నది లెక్కలోకి రాదు. చానల్ పరదేశానిదైనా అంతే. హైదరాబాద్ నుంచి వచ్చే తెలుగు వార్తా చానల్‌ను యూట్యూబులో లైవ్‌గా పెట్టుకున్నా లైసెన్సు కావాల్సిందే. ఈ ముక్క మన వాళ్లలో చాలామందికి తెలియదు.

అక్కర్లేనివి ఏవంటే, నెట్‌ఫ్లిక్స్‌లో మనకు తీరిక దొరికినప్పుడు పెట్టుకునే సినిమాలు, యూట్యూబులో ఎప్పుడో పెట్టిన వీడియోలు, రేడియో. కేవలం రేడియో కోసం తీసుకునే లైసెన్సును 1971లోనే ఎత్తేశారు. బీబీసీ కార్యక్రమాలను ఇంటర్నెట్‌లో చూపించే ఐప్లేయర్‌కు మాత్రం 2016 సెప్టెంబరు నుంచి పాత కార్యక్రమం చూసినా లైసెన్సు తప్పదు. ఇంట్లో టీవీ పెట్టె ఉన్నంత మాత్రాన కట్టాలన్నది కూడా అపోహే. గేముల కోసం వాడుకునే పెట్టెకు ఎవరూ ఏమీ కట్టనక్కర్లేదు.

చదువుకోవడానికి వెళ్లే పిల్లలకు ఒక మాట. నలుగురూ కలిసి ఒకే ఒప్పందం మీద ఇల్లు తీసుకుంటే ఇంటికి ఒక లైసెన్సు చాలు. ఎవరి గదికి వాళ్లు విడిగా ఒప్పందం రాసుకుంటే, గదిలో లైవ్ చూసేవాడు తన లైసెన్సు తానే తీసుకోవాలి.

అపోహ: వీధిలో తిరిగే వ్యాను ఇంట్లో టీవీ ఉన్నదీ లేనిదీ పసిగడుతుంది.

ఇది నాకు ఇష్టమైన అపోహ, ఎందుకంటే ఒకప్పుడు ఇందులో నిజముంది. బ్రిటన్‌లో ఆ వ్యాన్లు 1952లో మొదలయ్యాయి. పాత పిక్చర్ ట్యూబు టీవీలో బొమ్మను గీతలు గీతలుగా గీసే సర్క్యూట్ ఉండేది. దాని చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని గోడ అవతల నుంచి కూడా పట్టుకోవచ్చు. ఆ తర్వాత మరో దారి దొరికింది. వచ్చే సంకేతాన్ని మనకు వీలైన పౌనఃపున్యంలోకి దించడానికి రిసీవర్ లోపల ఒక చిన్న ఆసిలేటర్ ఉంటుంది. అది కొంచెం బయటికి కారుతుంది. ఆ కారే పౌనఃపున్యాన్ని బట్టి ఏ చానల్ చూస్తున్నారో కూడా చెప్పవచ్చు. మా వర్క్‌షాపులో పక్కపక్కన పెట్టిన రెండు రిసీవర్లు ఒకదానికొకటి ఇలాగే అడ్డు తగులుతుంటే తలలు పట్టుకున్న రోజులున్నాయి.

ఇప్పటి పలకల్లాంటి టీవీల నుంచి వచ్చేది చాలా తక్కువ. చుట్టూ వైఫై, ఫోన్ల హోరు. నిజంగా పనిచేసేది వ్యాను కాదు, చిరునామాల పట్టిక. దేశంలోని ఇళ్లన్నీ అందులో ఉంటాయి. లైసెన్సు లేని ఇంటికి ఉత్తరం పోతుంది. మా అమ్మాయి ఇంటికి వచ్చిందీ అలాగే. వచ్చే మనిషికి కోర్టు వారెంటు లేకుండా ఇంట్లో అడుగుపెట్టే హక్కు లేదు. మర్యాదగా ‘వద్దు’ అని తలుపు వేసుకోవచ్చు.

అపోహ: మన దేశంలో ఇలాంటి రుసుము ఎప్పుడూ లేదు.

మా నాన్నగారి మర్ఫీ రేడియోతో పాటు ఒక చిన్న పుస్తకం ఉండేది. అట్ట మాసిపోయి, మూలలు మడతపడి, లోపల ఏటేటా అంటించిన స్టాంపులు, వాటి మీద తపాలా ఆఫీసు ముద్ర. ఏడాదికి 15 రూపాయలు. సంతకం చేసి చిల్లర లెక్కపెట్టి ఇవ్వడానికి ఆయన నన్ను తీసుకెళ్లేవారు. ఆలస్యమైతే అపరాధ రుసుము. లైసెన్సు ఇన్‌స్పెక్టర్ వస్తాడంటే ఊళ్లో కొందరు రేడియోను ధాన్యం గాదెలోకి చేర్చేవారు. టీవీ వచ్చాక దానికి ఏడాదికి 50 రూపాయలు. అయితే టీవీని గాదెలో దాచినా ఇంటి కప్పు మీద యాంటెన్నాను దాచలేరు కదా. ఇన్‌స్పెక్టర్ తల పైకెత్తి వీధి వెంట నడిస్తే చాలు, మన దగ్గర వ్యాను అవసరం లేకపోయింది.

1976 జనవరి నుంచి దూరదర్శన్‌లో ప్రకటనలు మొదలయ్యాయి. 1980ల మధ్యకు వచ్చేసరికి ఈ లైసెన్సులను ఎత్తేశారు. చౌక ట్రాన్సిస్టర్లు గుడిసె గుడిసెకూ చేరాక ఏడాదికి పదిహేను రూపాయల కోసం తపాలా ఉద్యోగిని తిప్పడం దండగమారి పని. ఆ లైసెన్సు పోవడం మీద నాకు ఏ బాధా లేదు.

తమాషా ఏమిటంటే దూరదర్శన్, ఆకాశవాణిలను నడిపే సంస్థ కోసం 1990లో చేసిన ప్రసార భారతి చట్టంలో ఆ రుసుము మళ్లీ తొంగి చూస్తుంది. కేంద్రం సంస్థకు ఇవ్వగల సొమ్ములో రిసీవర్ లైసెన్సు రుసుము, ‘ఏదైనా ఉంటే’, వసూలు ఖర్చులు పోను మిగిలింది అని పదిహేడో సెక్షన్‌లో రాశారు. ఆ ‘ఏదైనా ఉంటే’ ఇప్పటికీ అలాగే ఉంది. రుసుము మాత్రం లేదు.

అపోహ: కేబుల్ బిల్లులో దూరదర్శన్ వాటా ఉంటుంది.

లేదు. మీరు కట్టేది ఆపరేటరుకు, పే చానళ్లకు. దూరదర్శన్ ఉచిత చానల్. తప్పనిసరిగా చూపించాల్సిన దూరదర్శన్ చానళ్లను ఆపరేటర్లు చూపించి తీరాలి. 2004లో మొదలైన ఫ్రీ డిష్‌లో అయితే డబ్బు వచ్చే దారి తిరగబడింది. చూసేవాడు నెలనెలా ఏమీ కట్టడు. అందులో చోటు కోసం ప్రైవేటు చానళ్లే వేలంలో పాడుకుని ప్రసార భారతికి కడతాయి.

అపోహ: ప్రకటనలు వేసుకుంటే సరిపోయేదానికి జనం మీద పడటం ఎందుకు?

ప్రకటనల డబ్బు ఆకాశం నుంచి రాలదు. సబ్బు ధరలో, టూత్‌పేస్టు ధరలో కలిసి వస్తుంది. టీవీ లేనివాడు కూడా ఆ సబ్బు కొంటాడు కాబట్టి వాడూ కడుతున్నట్టే. కాకపోతే రసీదు ఉండదు.

బ్రిటన్‌లో ప్రధాని థాచర్ ప్రభుత్వానికి బీబీసీ మీద పెద్ద ప్రేమేమీ లేదు. బీబీసీకి ప్రకటనలు పెడితే ఎలా ఉంటుందో చూడమని 1985లో ఆర్థికవేత్త అలన్ పీకాక్ అధ్యక్షతన కమిటీ వేసింది. మార్కెట్‌ను నమ్మే మనిషి ఆయన. అయినా 1986లో వచ్చిన నివేదిక ప్రకటనలు వద్దనే చెప్పింది. ఉన్న ప్రకటనల సొమ్మును ఇంకొకరు పంచుకుంటే అందరూ ఒకే రకం ప్రేక్షకుల వెనక పడతారు. ప్రకటన ఇచ్చేవాడు కొనుక్కునేది కార్యక్రమాన్ని కాదు, ప్రేక్షకులను. కొనే శక్తి లేని ప్రేక్షకుడు, లేదా కొద్దిమందే ఉన్న ప్రేక్షకులు, ఆ బేరంలో లేరు.

వేల్స్‌ను చూడండి. వెల్ష్ మాట్లాడేవాళ్లు 2021 జనగణనలో సుమారు 5 లక్షల 38 వేలు. మన ఒక నగరంలో ఓ మూలకు సరిపోతారు. వాళ్లకు 1982 నుంచి ఎస్4సి అనే సొంత చానల్ ఉంది. దానికి వచ్చే ప్రజాధనం 2022 నుంచి పూర్తిగా లైసెన్సు రుసుములోంచే వస్తోంది. తెలుగుకు ఆ గతి పట్టలేదు, ప్రకటనలకు మన భాషలో కరువు లేదు. కానీ గోండి, కోయ, సవర మాట్లాడే ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. సబ్బు కంపెనీని నమ్ముకుంటే ఆ భాషల్లో ఒక్క వార్తా బులెటిన్ కూడా రాదు. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి వినిపించిందంటే ఆ ఖర్చు ప్రజల డబ్బే.

అపోహ: నెట్‌ఫ్లిక్స్‌లా చందా పెడితే గొడవే ఉండదు.

చెప్పినంత తేలిక కాదు. చందా పెట్టాలంటే సంకేతానికి తాళం వేయాలి. తాళం వేస్తే ప్రతి ఇంట్లో తాళంచెవి ఉండాలి. బ్రిటన్‌లో 2002 నుంచి యాంటెన్నాతో నడుస్తున్న ఫ్రీవ్యూ పెట్టెల్లో ఎక్కువ వాటికి ఆ ఏర్పాటే లేదు. రేడియోకు తాళం వేసే ఊసే లేదు. అందరూ ఇంటర్నెట్ మీదికి మారాక సాంకేతికంగా ఇది కుదురుతుంది, నిజమే. కుదిరాక అది డబ్బిచ్చినవాడి చానల్ అవుతుంది. తుఫాను హెచ్చరిక చందాదారుడికే చెబుతామంటే ఎలా?

అపోహ: కట్టకపోతే జైలుకే.

బ్రిటన్‌లో లైసెన్సు లేకుండా చూస్తే గరిష్ఠ జరిమానా 1,000 పౌండ్లు. ఆ నేరానికి నేరుగా జైలు లేదు. కోర్టు వేసిన జరిమానాను కావాలని ఎగ్గొడితేనే అంతదూరం పోతుంది. కానీ ఇది క్రిమినల్ కేసే, సివిల్ బాకీ కాదు. నా అభిప్రాయంలో బ్రిటన్ పద్ధతిలో అన్నిటికన్నా సిగ్గుపడాల్సిన చోటు ఇదే. శిక్ష పడినవాళ్లలో ఈమధ్య ఏళ్లలో డెబ్బై శాతానికి పైగా ఆడవాళ్లే ఉంటూ వచ్చారు. ఆడవాళ్లు ఎక్కువగా ఎగ్గొడతారని కాదు. పగటిపూట తలుపు తట్టినప్పుడు ఇంట్లో ఉండేది, తలుపు తీసేది, అడిగినదానికి నిజం చెప్పేది వాళ్లు. కరెంటు బిల్లు కట్టకపోతే ఎవరినీ నేరస్థుల బోనులో నిలబెట్టరు. టీవీకి ఎందుకు?

అపోహ: రుసుము ఉంటే ప్రభుత్వ పెత్తనం ఉండదు.

నా ఉద్యోగంలో పేరు చెప్పనక్కర్లేని ఒక కేంద్రంలో డీజిల్ బిల్లు ఆమోదం కోసం మూడు నెలలు ఎదురుచూశాం. కరెంటు పోతే ట్రాన్స్‌మిటర్ ఆగుతుంది. గ్రాంటు పైనుంచి రావాలి. పైవాళ్లు ఫోను చేసి ఫలానా వార్త వేయవద్దని చెప్పనక్కర్లేదు. గ్రాంటు ఆలస్యమైతే చాలు, కిందివాళ్లకు దానంతట అదే అర్థమవుతుంది. రుసుము నేరుగా ప్రేక్షకుడి నుంచి వస్తే ప్రభుత్వం చేతిలోని ఈ తాడు తెగుతుందని నేనూ చాలా ఏళ్లు నమ్మాను.

తెగదు, పొడవు పెరుగుతుందంతే. బ్రిటన్‌లో రుసుము ఎంతో నిర్ణయించేది ప్రభుత్వమే. ధరలు మండిపోతున్న 2022, 2023 సంవత్సరాల్లో దాన్ని 159 పౌండ్ల దగ్గరే బిగించింది. 2024లో 169.50, 2025 ఏప్రిల్‌లో 174.50 అయింది. 75 ఏళ్లు దాటినవారికి 2000 నుంచి ప్రభుత్వ ఖర్చుతో లైసెన్సు ఉచితంగా వచ్చేది. 2015లో ఆ భారాన్ని బీబీసీ నెత్తిన పెట్టింది. మోయలేక బీబీసీ 2020 ఆగస్టు నుంచి పెన్షన్ క్రెడిట్ అందే పేద వృద్ధులకే పరిమితం చేసింది. తిట్లు మాత్రం బీబీసీకే. బీబీసీ నడవడానికి ఆధారమైన ఇప్పటి అధికార పత్రం (చార్టర్) 2027 డిసెంబరుతో ముగుస్తుంది. అంటే మళ్లీ బేరం.

తాడు నిజంగా పొడవైనది చూడాలంటే జర్మనీకి వెళ్లాలి. అక్కడ 2013 నుంచి టీవీ ఉందా లేదా అని ఎవరూ అడగరు. ఇంటికి నెలకు ఇంత, అంతే. ఎంత పెంచాలో ఒక స్వతంత్ర కమిషన్ లెక్క కట్టి చెబుతుంది. 2020లో ఆ లెక్క ప్రకారం 86 సెంట్ల పెంపు రావాల్సి ఉంటే సాక్సనీ-అన్హాల్ట్ రాష్ట్రం అడ్డుపడింది. 2021 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం జోక్యం చేసుకుని 17.50 యూరోలను 18.36 చేసింది. కారణం చెప్పకుండా రాజకీయ నాయకులు ప్రసార సంస్థ గొంతు నొక్కకూడదని కోర్టు నిలబడింది. సాంఘిక సహాయం పొందే కుటుంబాలకు మినహాయింపు ఉంది. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ‘నాకు టీవీయే లేదు’ అని ఉత్తరం రాసి లాభం లేదు. ఫ్లాటులో ఒకరు కట్టి మిగతావాళ్లు పంచుకోవడమే.

ఇళ్ల నుంచి డబ్బు వసూలు చేయాలా అని నన్నడిగితే, చేయాలనే అంటాను. కానీ బ్రిటన్‌లా పేదకూ ధనికుడికీ ఒకటే రేటు వేసి, కోర్టుకు లాగి కాదు. మన దేశంలో తపాలా పుస్తకాన్ని మళ్లీ తెరవమని అసలే అనను. ఏటా మంత్రిత్వ శాఖ ముందు చేయి చాచనక్కర్లేకుండా, ఐదారేళ్లకు ముందే చట్టంతో తేల్చిన వాటా కావాలంటాను.

అపోహ: రుసుము ఎత్తేసిన దేశాల్లో జనానికి ఆ ఖర్చు తప్పింది.

ఫ్రాన్స్ 2022లో 138 యూరోల రుసుము ఎత్తేసి, ఆ సొమ్మును వ్యాట్ నుంచి ఇవ్వడం మొదలుపెట్టింది. స్వీడన్ 2019లో, నార్వే 2020లో పన్నుల్లోకి మార్చాయి. జేబు అదే, చేయి వేరు.

అపోహ: బీబీసీ తెలుగును నడిపేది బ్రిటన్ ఇళ్ల రుసుమే.

2017 అక్టోబరులో తెలుగు సేవ మొదలైనప్పటి విస్తరణకు డబ్బిచ్చింది బ్రిటన్ ప్రభుత్వ గ్రాంటు. తెలుగుతో సహా ప్రపంచ దేశాలకు ప్రసారాలు చేసే బీబీసీ వరల్డ్ సర్వీసు మొత్తానికి మాత్రం లైసెన్సు రుసుమే పెద్ద ఆధారం. మన దేశంలో డిజిటల్ వార్తల్లో విదేశీ పెట్టుబడికి 26 శాతం హద్దు ఉంది కాబట్టి, 2024 ఏప్రిల్ నుంచి కలెక్టివ్ న్యూస్‌రూమ్ అనే భారతీయ సంస్థ బీబీసీ తెలుగు పనిని చేసిపెడుతోంది.

ఇక ఆ ఉత్తరం సంగతి. మా అమ్మాయి ఇంట్లో సినిమాలు తప్ప లైవ్ ఏదీ చూడరు. కాబట్టి లైసెన్సు అక్కర్లేదని ఆన్‌లైన్‌లో చెప్పేస్తే సరిపోయేది. అల్లుడు ఆ పని చేయడానికి కూర్చున్నాడు కూడా. అప్పటికి రెండు రోజులుగా నేను తెల్లవారుజామున లేచి, కాఫీ కప్పుతో సోఫాలో కూర్చుని, తెలుగు వార్తలు లైవ్‌లో చూస్తున్నానన్నది అతనికి అప్పుడు గుర్తొచ్చింది. నా వైపు చూశాడు. చివరికి నెలవారీ వాయిదాల మీద లైసెన్సు తీసుకున్నారు. నేను తిరుగు విమానం ఎక్కాక రద్దు చేసుకుంటే, అప్పటికి ఎక్కువ కట్టి ఉంటే మిగిలిన పూర్తి నెలల డబ్బు వెనక్కి అడగవచ్చు.