నీళ్లు మారాయి సరే, ఆ నీళ్లు తాగిన పెద్దవాళ్ల సంగతేంటి?

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు అరవై దాటినవాళ్ల జబ్బులు రాసుకుంటూ పోతే మొదట కనిపించేవి అందరికీ తెలిసినవే. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు, కంట్లో పొర, చెవుడు, మలబద్ధకం, మతిమరుపు, రాత్రి నిద్ర పట్టకపోవడం. ఏ జిల్లాలో పెద్దవాళ్లను చూసుకునే నర్సును అడిగినా ఇవే చెబుతుంది. కానీ నల్లగొండలో వీటన్నిటి అడుగున ఇంకో పాత జబ్బు ఉంది, అది ఎముకల్లో పేరుకుపోయిన ఫ్లోరైడ్. అది ఉన్న ఒంటికి పై జబ్బుల్లో ఏది వచ్చినా మామూలుగా చూసినట్టు చూస్తే సరిపోదు. ఇంటింటికీ నల్లా వచ్చాక ఫ్లోరైడ్ కథ అయిపోయిందని చాలామంది అనుకుంటున్నారు కాబట్టి, అది ఎక్కడ మొదలై ఎవరి దగ్గరికి వచ్చి ఆగిందో చెప్పాలి.

మన దేశంలో మనుషుల ఎముకలను వంచేస్తున్నది తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ అని వైద్య పత్రికల్లోకి ఎక్కింది 1937లో, అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. 1945లో హైదరాబాద్ సంస్థానంలోనూ ఇదే జబ్బు ఉందని రాశారు. 1955లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు) మీద ఏకంగా బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, ఇక్కడి పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయి ఒకదానికొకటి రాసుకుంటున్నాయని లాన్సెట్‌లో ప్రచురించారు. అంటే ప్రపంచానికి తెలియక జరిగింది కాదు, తెలిసే జరిగింది.

ఈ సంవత్సరాలను ఒక్కసారి మనుషుల వయసుతో కలిపి చూడండి. 1955లో ఆ వ్యాసం అచ్చయినప్పుడు పుట్టిన పిల్లకు ఇప్పుడు డెబ్బై. 1973లో పదేళ్ల వయసున్న పిల్లగాడు అరవై దాటాడు. ఆనాటి పరిశోధనల్లో పిల్లలుగా ఉన్న తరమే ఇప్పుడు వృద్ధాప్య పింఛను తీసుకుంటున్న తరం. చిన్నప్పుడు పళ్ల మీద గార పట్టింది వీళ్లకే, నడి వయసులో నడుములు పట్టేసింది వీళ్లకే, ఇప్పుడు మంచం పడుతున్నదీ వీళ్లే.

కారణం నేలలోనే ఉంది. ఇక్కడి గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఎక్కువ, రాతి పొరల్లో ఎక్కువ కాలం నిలిచిన నీటిలోకి అది దిగుతుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ, పొద్దంతా చేనులో పనిచేసే మనిషి తాగే నీళ్లూ ఎక్కువే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబితే ఇక్కడ కొన్ని బావుల్లో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. దానికి తోడు తిండిలో పాలు, కాల్షియం తక్కువ. కాన్పు మీద కాన్పు అయి, పిల్లలకు పాలిచ్చి, సగం కడుపుకు తిని కూలికి పోయిన ఆడవాళ్ల ఎముకలు ఇంకా తొందరగా పాడయ్యాయి.

నీళ్ల కోసం చేసిన ప్రయత్నాలూ చిన్నవేమీ కావు. 1970ల్లో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారు చేసి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. ఆ పేరు టాంజానియా, ఇతియోపియా దాకా పోయింది. కానీ ఊళ్లలో దాన్ని నిలబెట్టడం కష్టం. నీటిని బట్టి పటిక మోతాదు మార్చాలి, అడుగున పేరుకునే బురదను రోజూ పారబోయాలి, రుచి మారితే జనం మళ్లీ బోరు దగ్గరికే పోతారు. జలసాధన సమితి ఏళ్లకేళ్లు కృష్ణా నీళ్ల కోసం కొట్లాడింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి నిరసనగా నామినేషన్లు వేయించడంతో 480 మంది పోటీలో నిలబడితే బ్యాలెట్ పుస్తకమంత అయింది, ఈ గోస గురించి దేశం మొత్తం మాట్లాడింది. ఆ తర్వాత మెల్లమెల్లగా సాగర్ నుంచి ఎత్తిపోసిన నీళ్లు, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకానికి 2015లో చౌటుప్పల్‌లో పైలాన్, 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో దాని ప్రారంభం. ఇప్పుడు పుడుతున్న పిల్లలకు ఆ నీళ్లు నిజంగా పెద్ద మేలు, అందులో వాదన లేదు.

పెద్దవాళ్లకు మాత్రం ఆ నల్లా చాలా ఆలస్యంగా వచ్చింది. ఒకసారి కీళ్ల చుట్టూ, వెన్నుపూసల మధ్య ఎముకలను కట్టి ఉంచే పట్టీలు (లిగమెంట్లు) గట్టిపడ్డాక మంచినీళ్లు తాగినంత మాత్రాన అవి మెత్తబడవు. నొప్పి కొంత తగ్గొచ్చు, ముదరకుండా ఆగొచ్చు, అంతే. పైగా వయసుతో కిడ్నీల పని తగ్గుతుంది, ఒంట్లోని ఫ్లోరైడ్‌ను బయటికి పంపాల్సింది కిడ్నీలే. వాటిని ఇంకా దెబ్బతీసేది ఏళ్ల తరబడి మింగిన నొప్పి గోలీలు. "కూసుంటే లేవరాదు, లేస్తే కూసోరాదు బిడ్డా" అని వచ్చే ముసలమ్మకు ఊళ్లో దొరికింది ఆర్‌ఎంపీ ఇచ్చే సూది, గోలీ. ఆమెను తప్పు పట్టలేం, అంతకు మించి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

పక్కన ఉండి చేసేవాళ్లకు ఇది ఎట్లా ఉంటుందో చెబుతాను. మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి, ఇది ప్రతి నర్సుకూ తెలిసిందే. కానీ వెన్నెముక వంగి బిగుసుకుపోయిన మనిషి వెల్లకిలా పడుకోలేడు, బోర్లా అసలే పడుకోలేడు, మిగిలేవి రెండు పక్కలే. మోకాళ్లు మడతలోనే ఉండిపోతాయి కాబట్టి వాటి మధ్య దిండో, మడిచిన చీరో పెట్టకపోతే ఎముకకు ఎముక ఒత్తుకుని అక్కడే తోలు లేస్తుంది. మెడ వెనక్కి వాలదు కాబట్టి గ్లాసుతో నీళ్లు పోస్తే పొలమారుతుంది, స్పూనుతో గానీ స్ట్రాతో గానీ తాగించాలి. మోచేయి చాచలేని మనిషికి బీపీ పట్టీ కట్టడం, సెలైన్ కోసం నరం దొరకబుచ్చుకోవడం కూడా కష్టమే.

మరుగుదొడ్డి సంగతి ఇంకా పెద్దది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. గొంతు కూర్చోలేని మనిషికి ఊళ్లో కట్టిన మామూలు దొడ్డి పనికిరాదు. చాలా ఇళ్లలో ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కోసి దాన్నే దొడ్డి మీద పెడతారు. అదీ లేని చోట, కోడలిని మాటిమాటికీ పిలవాలంటే సిగ్గుపడి, ముసలోళ్లు నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. దాంతో మలబద్ధకం, మూత్రంలో మంట, జ్వరం, ఒక్కోసారి ఉన్నట్టుండి మాట తడబడి మనుషులను గుర్తుపట్టకపోవడం. ఇంట్లోవాళ్లేమో వయసైంది, మతి పోయిందనుకుంటారు. చాలాసార్లు అది నీళ్లు తాగక, ఇన్ఫెక్షన్ వచ్చి జరిగిందే, చూపిస్తే తగ్గేదే.

ఇదంతా చేయడానికి ఇంట్లో మనిషి ఉండాలి. మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు తరతరాలుగా వలస. పాలమూరు లేబర్ అనే మాటే దేశమంతా తెలుసు. నల్లగొండలోని దేవరకొండ వైపూ అంతే. బొంబాయికో, పుణెకో, హైదరాబాద్‌కో కొడుకు, కోడలు పోతే ముసలవ్వ, తాత, బడికి పోయే మనవలు మిగులుతారు. రెండు గంటలకోసారి తిప్పమని ఎవరికి చెప్పాలి? వాళ్లు ప్రేమ లేక పోలేదు, కూలి లేక పోయారు.

కాగితం మీద సర్కారు దగ్గర ఏర్పాట్లు ఉన్నాయి. ఫ్లోరోసిస్ నివారణకు కేంద్రం 2008-09లో ఒక కార్యక్రమం పెట్టింది, వృద్ధుల ఆరోగ్యానికి 2010-11లో ఇంకొకటి. రెండో దాని ప్రకారం జిల్లా దవాఖానలో వృద్ధులకు 10 పడకల వార్డు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి వాళ్ల కోసమే క్లినిక్, కదల్లేనివాళ్ల ఇంటికి ఆరోగ్య సిబ్బంది రావడం ఉండాలి. నా అభిప్రాయం ఏంటంటే ఈ రెంటినీ వేర్వేరు ఫైళ్లుగా చూడటమే ఈ జిల్లాకు జరిగిన అన్యాయం. ఫ్లోరైడ్ అంటే నీళ్ల శాఖ, పిల్లల పళ్లు. వృద్ధులంటే బీపీ, షుగర్. ఒకే మనిషిలో రెండూ ఉంటే ఏ ఫైలూ ఆ మనిషిది కాదు. వికలాంగుల పింఛనైనా వస్తుందనుకుంటే వైకల్యాన్ని లెక్కగట్టే సదరం శిబిరంలో 40 శాతం వైకల్యం తేలాలి, ఆ శిబిరం దాకా ఆటోలో కూర్చోలేని మనిషిని తీసుకెళ్లాలి. పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) కింద ఆలన వాహనంలో ఇళ్లకు వెళ్లి చూసే నర్సులు ఉన్నారు, మంచం పట్టిన ఫ్లోరోసిస్ పెద్దవాళ్లను కూడా వాళ్ల జాబితాలో పెట్టమని మండలానికి మండలం అడగాలి.

ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లు ఉన్నవాళ్లకు ఒక మాట. హైదరాబాద్ తీసుకెళ్లినప్పుడు అక్కడి డాక్టరుకు ఏ ఊరు, ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగారు అన్నది ముందే చెప్పండి, అడగకపోయినా చెప్పండి. ఫ్లోరైడ్ పట్టిన ఎముక పరీక్షలో గట్టిగా కనిపిస్తుంది కానీ పడితే సుద్దముక్కలా విరుగుతుంది, రిపోర్టు చూసి ఎముకలు బాగున్నాయని అనుకునే ప్రమాదం ఉంది. తుంటి విరిగి ఆపరేషన్ దాకా పోతే ఇంకా ముఖ్యం. వెన్నులో మత్తు సూది దిగకపోవచ్చు, మెడ వంగక గొంతులో గొట్టం వేయడమూ కష్టం కావచ్చు. మత్తు డాక్టరుకు ఈ విషయం ఆపరేషన్ బల్ల మీద కాదు, ముందు రోజే తెలియాలి.