కుక్కల ట్రైనింగ్, బోర్డింగ్: నాకు రోజూ వినపడే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

"అన్నా, నెల రోజులు మీ దగ్గర వదిలేస్తాం. తీసుకుపోయేటప్పటికి చెప్పిన మాట వినాల." నెల్లూరులో పదకొండేళ్లుగా కుక్కలకి ట్రైనింగ్ ఇస్తున్నాను, యజమానులు ఊరెళ్లినప్పుడు వాళ్ల కుక్కల్ని ఉంచుకునే చిన్న బోర్డింగ్ కూడా ఊరి బయట నడుపుతున్నాను. నాకు వచ్చే ఫోన్లు ఎక్కువగా ఈ మాటతోనే మొదలవుతాయి. కాబట్టి నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: ట్రైనర్ దగ్గర నెల రోజులు ఉంటే చాలు, ఇక మన పనేమీ లేదు.

సెల్‌ఫోన్ రిపేరుకిచ్చి తెచ్చుకున్నట్టు కాదండీ ఇది. కుక్క ఒక మాట నేర్చుకునేటప్పుడు ఆ మాటతో పాటు ఆ చోటు, ఆ మనిషి, ఆ మనిషి చెయ్యి కదిలే తీరు అన్నీ కలిపి నేర్చుకుంటుంది. మా వేపచెట్టు కింద 'స్టే' అంటే రెండు నిమిషాలు కదలకుండా కూర్చునే కుక్క, మీ హాల్లో కాలింగ్ బెల్ మోగినప్పుడు కూడా అలాగే కూర్చుంటుందని నేను మాట ఇవ్వలేను.

పోయిన ఎండాకాలం వేదాయపాళెంలో ఒక లాబ్రడార్‌ని అప్పజెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. నేను 'సిట్' అనగానే కూర్చున్నాడు. అందరూ సంబరపడ్డారు. తర్వాత పిల్లోడు 'సిట్ సిట్ సిట్' అని గబగబా అరిచాడు. వాళ్ల నాయన 'ఏయ్, కూర్చోరా' అన్నాడు. ఇంతలో అవ్వ పళ్లెంలోంచి దోసె ముక్క తుంచి 'దా నాయనా, దా' అని పిలిచింది. వాడు ముగ్గురి మొహాలూ చూసి నేరుగా దోసె దగ్గరికి పోయాడు. వాడి తప్పేముంది? ఆ ముగ్గురిలో వాడికి అర్థమయ్యేట్టు మాట్లాడింది అవ్వే.

ఆ తర్వాత మూడు సాయంత్రాలు ఆ ఇంటికి పోయి నలుగురు పెద్దవాళ్లనీ, పిల్లోణ్ణీ కూర్చోబెట్టి చెప్పాను. అందరూ ఒకే మాట వాడండి. ఒక్కసారే అనండి. చేసిన మరుక్షణం ఇవ్వాల్సింది ఇవ్వండి. చేయకపోతే ఏమీ ఇవ్వకండి, అరవకండి కూడా. మూడో సాయంత్రం అవ్వ దోసె ముక్క గుప్పిట్లో పెట్టుకుని 'కూర్చో' అని ఆగింది. వాడు ఆమె గుప్పిటి వైపు చూశాడు, మొహం వైపు చూశాడు, మెల్లగా నడుము దించాడు. అప్పుడు గుప్పిట తెరిచింది. నెల రోజుల కోర్సులో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ నిమిషమే.

అందుకే ఇంట్లోవాళ్లు కనీసం మూడు క్లాసులకి రాకపోతే నేను బోర్డింగ్ ట్రైనింగ్ ఒప్పుకోను. కొందరు కోపం తెచ్చుకుని వేరేచోటికి పోతారు. పోనీ.

అపోహ: కుక్కకి ఇంగ్లీషులో చెబితేనే అర్థమవుతుంది.

'కూర్చో', 'ఆగు', 'రా', 'వదిలెయ్' చక్కగా పనిచేస్తాయి. కుక్కకి కావలసింది ఎప్పుడూ ఒకేలా వినపడే చిన్న మాట. ఇంట్లో పెద్దవాళ్లకి తెలుగే నోటికొస్తుందంటే కోర్సు మొత్తం తెలుగులోనే చేస్తాను. ఇవాళ 'కూర్చో', రేపు 'సిట్', ఎల్లుండి 'కూర్చోమన్నానా లేదా' అంటే మాత్రం ఏ భాషైనా ఒకటే.

అపోహ: రెండు తగిలిస్తేనే భయం ఉంటుంది.

ఈ విషయంలో నేను తప్పు చేసినవాణ్ణి కాబట్టి గట్టిగా చెబుతాను. మొదట్లో నాకు పని నేర్పినాయన గొలుసు బిగించి లాగడమే ట్రైనింగ్ అనుకునేవాడు. నేనూ అట్లాగే చేశాను. ఒక జర్మన్ షెపర్డ్ ఉండేది. రెండు వారాలకి అన్ని కమాండ్లూ చేసేది. ఒకరోజు తల నిమురుదామని చెయ్యెత్తాను. చెవులు వెనక్కి వాల్చి, నేలకి అతుక్కుపోయి, అక్కడే ఉచ్చ పోసింది. అది నేర్చుకున్నది కమాండ్లు కాదు, నా చెయ్యి. ఆ బిగుసుకుపోయే గొలుసు ఆ రోజే పక్కన పడేశాను.

దెబ్బతో ఇంకో చిక్కుంది. కరిచే ముందు గుర్రుమనడం కుక్క మనకిచ్చే హెచ్చరిక. గుర్రుమన్న ప్రతిసారీ కొడితే ఆ హెచ్చరిక మానేస్తుంది, లోపలి భయం మాత్రం అలాగే ఉంటుంది. "అప్పటిదాకా బాగానే ఉండింది, ఉన్నట్టుండి కరిచింది" అని నా దగ్గరికి తెచ్చిన కుక్కల కథ విచారిస్తే చాలాసార్లు ఇదే బయటపడింది.

'మాస్టర్ ఎవరో చూపించాలి' అనే మాట తోడేళ్ల నుంచి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే జంతు శాస్త్రవేత్త బోనుల్లో కలిపి పెట్టిన తోడేళ్లని చూసి, అవి పెత్తనం కోసం కొట్టుకుంటాయని రాశారు. అడవిలో తోడేళ్ల వెంట ఏళ్ల తరబడి తిరిగిన డేవిడ్ మెక్ 1999లో వేరే సంగతి చెప్పారు: అడవిలో తోడేళ్ల గుంపు అంటే మామూలుగా అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న ఒక కుటుంబం. మీ కుక్క సోఫా ఎక్కేది మెత్తగా ఉంటుందని. మీ మీద పెత్తనానికి కాదు.

అపోహ: తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడండి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చెప్పు కొరికేసి ఉంటుంది. మీరు 'ఎవరు చేశారిది?' అనగానే తల దించుకుంటుంది. 2009లో కుక్కల ప్రవర్తన మీద పరిశోధన చేసే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ ఈ మొహం మీదే పరీక్ష చేశారు. తప్పు చేసిన కుక్కా, చేయని కుక్కా కూడా యజమాని తిట్టినప్పుడే ఎక్కువగా ఆ మొహం పెట్టాయి. అది మీ గొంతుకి భయం. చేసిన పని అయిన క్షణంలో మనం ఏం చేశామో అదే కుక్క గుర్తుపెట్టుకుంటుంది. మధ్యాహ్నం పోసిన ఉచ్చకి సాయంత్రం ముక్కు రుద్దితే నేర్చుకునేది ఒకటే, మీరొచ్చే వేళకి దాక్కోవాలని.

అపోహ: ఆరు నెలలు దాటాకే ట్రైనింగ్.

కుక్కపిల్లకి మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా లోకాన్ని చూసి ఇది మంచిదే అని నమ్మే వయసు. ఆ వయసులో ఆటో హారన్, మిక్సీ, గడ్డం ఉన్న మనిషి, హెల్మెట్, మేళం ఏవీ తెలియకుండా పెరిగితే పెద్దయ్యాక అన్నిటికీ టెన్షనే. టీకాలు పూర్తి కాకుండా నేల మీద తిప్పకూడదన్నది నిజమే. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. అయితే చంకన ఎత్తుకుని ట్రంకు రోడ్డు చివర పది నిమిషాలు నిలబడటానికి అడ్డేముంది? ఇంకో మాట, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది. నెల పిల్లని అట్టపెట్టెలో పెట్టి ఇస్తుంటే తీసుకోకండి.

అలాగని పెద్ద కుక్క నేర్చుకోదనుకోవద్దు. 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్నది వీటికి వర్తించదు. ఎనిమిదేళ్ల పామేరియన్ మా దగ్గర 'వదిలెయ్' నేర్చుకుంది. వీధి కుక్కలూ అంతే. నా దగ్గర అందరికంటే త్వరగా పిలుపుకి వచ్చేది కోవూరు రోడ్డు పక్కన దొరికిన నాటు కుక్కే.

అపోహ: పగలంతా కట్టేస్తే కాపలాకి బాగా పనికొస్తుంది.

పగలంతా గొలుసుకి ఉన్న కుక్క పిచ్చెత్తినట్టు అవుతుంది. ఎవరు దొంగో ఎవరు పాలవాడో తేడా తెలియకుండా మీదికి దూకుతుంది. మిరపకాయలు పెడితే కోపం వస్తుందనేది కడుపు మంట తప్ప ఇంకేం కాదు.

ఇక బోర్డింగ్. సంక్రాంతికీ, ఎండాకాలం సెలవులకీ మాకు చోటు ఉండదు, అప్పుడే తొందరపడి ఎక్కడో ఒకచోట వదిలేస్తారు. ఆ తొందర వద్దు. పోయి చూడండి. మిమ్మల్ని లోపలికి రానివ్వం అంటే ఆ గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరగండి. రాత్రి అక్కడ మనిషి పడుకుంటాడా అని అడగండి. టీకాల కార్డు అడగకుండా మీ కుక్కని తీసుకుంటున్నారంటే, పక్క గదిలో కుక్క కార్డు కూడా అడగలేదన్నమాట. రేబిస్, పార్వో, డిస్టెంపర్ టీకాలతో పాటు కెన్నెల్ కాఫ్ (కుక్కలు కలిసి ఉండేచోట ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే దగ్గు) టీకా కూడా నేను అడుగుతాను. నట్టల మందు వేసి ఉండాలి. వానల్లో వచ్చే ప్రతి కుక్క చెవులు, వేళ్ల సందులు పిడుదుల కోసం వెతికాకే లోపలికి.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. కుక్క మామూలు ఒంటి వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. చెమట పట్టేది దాదాపు పాదాల మెత్తల దగ్గరే, మిగతా వేడంతా నాలుక చాపి ఒగర్చి పోగొట్టుకోవాలి. పగ్‌ల్లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి అది కూడా కష్టమే. రోహిణి కార్తెలో మేం ఉదయం ఆరులోపు, రాత్రి ఏడు దాటాక మాత్రమే నడిపిస్తాం. ముందు అరచెయ్యి వెనకవైపు రోడ్డు మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెడతాం. మనం ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనలేవు. కుక్క తూలుతూ, నాలుక ముదురెరుపుగా మారితే ముందు మామూలు నీళ్లు ఒంటి మీద పోసి ఫ్యాన్ పెట్టండి, ఆ తడితోనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. చల్లగా ఉంటుందని హస్కీకి, పామేరియన్‌కి గుండు కొట్టించవద్దు. ఆ బొచ్చు ఎండ నుంచి కూడా కాపాడుతుంది.

"అన్నం తినడం లేదంట, కొడుతున్నారేమో" అని తిరుమల కొండ మీద నుంచి ఫోన్ చేస్తుంటారు. కొత్త చోట మొదటి రోజు తినకపోవడం చాలా కుక్కలకి మామూలే. రెండో రోజూ ముట్టకపోతే మేమే డాక్టర్‌ని పిలుస్తాం. దీనికి ఉపాయం మీ దగ్గరే ఉంది. ఊరెళ్లే వారం ముందు ఒక్క రాత్రి వదిలి తీసుకుపోండి, మీరు మళ్లీ వస్తారని దానికి తెలుస్తుంది. ఇంట్లో తినే తిండే పంపండి. కొత్త బొమ్మలు, కొత్త పరుపు అక్కర్లేదు. మీరు కట్టి విడిచిన లుంగీయో చీరో ఒకటి, ఉతకకుండా ఇవ్వండి. మొన్న పండక్కి వచ్చిన స్పిట్జ్ ఒకటి రాత్రి పదకొండు దాకా గేటు వైపే చూస్తూ ఏడ్చింది. వాళ్లమ్మగారి పాత చీర తెచ్చి మూలన పరిచాను. రెండుసార్లు చుట్టూ తిరిగి, ముక్కు కొంగులో దూర్చి పడుకుంది.