పొగాకు, ఆడవాళ్లు, పిల్లలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మన ఆడవాళ్లకు పొగ అలవాటు లేదు, ఇది మగాళ్ల గొడవ.

శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరం వెంబడి పల్లెల్లో ఈ మాట అంటే నవ్విపోతారు. అక్కడ అడ్డపొగ తాగేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, అందులోనూ వయసు మళ్లినవాళ్లు. చుట్ట అంటించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెదవులు బిగిస్తారు. ఎందుకలా అంటే వాళ్ల దగ్గర కారణాలున్నాయి: సముద్రపు గాలికి ఆరిపోదు, చీర మీద, చంకలో బిడ్డ మీద బూడిద రాలదు, ఒక్క చుట్టే చాలాసేపు వస్తుంది.

అపోహ: నిప్పు లోపలుంటే పొగ తక్కువ, హాని తక్కువ.

పొగతో పాటు సెగ కూడా నేరుగా అంగిలికి, అంటే నోటి పైకప్పుకి తగులుతుంది. మొదట అంగిలి తెల్లబారి మందమవుతుంది. ఆ తెలుపులో మధ్యమధ్య ఎర్రటి చుక్కలు కనబడతాయి, అవి లాలాజల గ్రంథుల నోళ్లు. తర్వాత కొందరిలో ఎర్రటి మచ్చలు, పుండ్లు. గట్టి అంగిలికి వచ్చే క్యాన్సర్ మిగతా ప్రాంతాల్లో అరుదు, అడ్డపొగ ఉన్నచోట అంత అరుదు కాదు. తొలిదశలో నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ ఆస్పత్రికి రారు. ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలం మనమే చూడాలి: కట్టుడుపళ్లు ఉంటే తీయించి, తల వెనక్కి వాల్చి, టార్చి వేసి అంగిలి మొత్తం చూడాలి. చాలామంది నాలుక, బుగ్గలు చూసి వదిలేస్తారు, అసలు చోటు పైనుంది. రెండు వారాలు దాటినా మానని పుండు, గీకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ ఏది కనిపించినా దంతవైద్యుడి దగ్గరికి పంపాల్సిందే.

మనం నింపే ఫారంలో ‘పొగ తాగుతారా?’ అని ఉంటుంది. అలా అడిగితే ‘లేదు’ అనే వస్తుంది, ఎందుకంటే చుట్ట కాల్చే మామ్మ లెక్కలో పొగ తాగడమంటే సిగరెట్టు. ‘ఏం మామ్మా, చుట్ట కాలుస్తావా? నిప్పు లోపలికా, బయటికా?’ అని అడగండి, రోజుకు ఎన్నో కూడా చెబుతుంది.

అపోహ: నోట్లో పెట్టుకునే పొగాకుతో కడుపులో బిడ్డకేం కాదు, ఊపిరితిత్తుల్లోకి పోదుగా.

2016-17 గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వే ప్రకారం దేశంలో పొగ తాగే ఆడవాళ్లు 2 శాతం, నమిలే, దవడన పెట్టుకునే, పళ్లకు రుద్దుకునే పొగాకు వాడేవాళ్లు 12.8 శాతం. అంటే సిగరెట్టు బొమ్మ మీద ఎర్రగీత కొట్టిన పోస్టరు, పొగాకు వాడే ఆడవాళ్లలో ప్రతి ఆరుగురిలో అయిదుగురికి పైగా, తమ గురించి కాదనిపిస్తుంది. పొగాకులో అలవాటు పట్టించే నికోటిన్ నోటి లోపలి పొర గుండానే రక్తంలోకి పోతుంది. తక్కువ బరువుతో కాన్పు, నెలలు నిండని కాన్పు, కడుపులోనే బిడ్డ పోవడం, ఈ ముప్పులన్నీ నమిలే పొగాకుతోనూ ఉన్నాయి. గర్భిణి కార్డు రాసేటప్పుడు గుట్కా, ఖైనీ, జర్దా, ముక్కుపొడి, పొగాకు పళ్లపొడి అని పేరుపేరునా అడగాలి.

అపోహ: బీడీ ఆకుతో చేసింది, సిగరెట్టు కన్నా నయం.

బీడీ చుట్టే తునికాకు కాగితంలా గాలి పీల్చదు. దమ్ము లాగకపోతే ఆరిపోతుంది, అందుకని గట్టిగా, ఎక్కువసార్లు లాగుతారు. పొగాకు తక్కువే ఉన్నా తారు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు తక్కువ కావు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఇళ్లలో మరో చిక్కు: తాగకపోయినా పొగాకు పొడి ఊపిరిలోకి పోతూనే ఉంటుంది. పొగాకు చాటను పసిపిల్లలు పడుకునే గదిలో పెట్టకూడదు, పాలిచ్చే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

అపోహ: హుక్కా పొగను నీళ్లు వడపోస్తాయి. వేప్ (ఇ-సిగరెట్) అయితే ఉత్త ఆవిరి.

నీళ్లు పొగను చల్లారుస్తాయంతే. చల్లగా ఉంది కాబట్టి ఇంకా లోతుగా లాగుతారు, బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అదనం. తెలంగాణలో 2024లో హుక్కా పార్లర్లను చట్టం చేసి నిషేధించారు. ఇక వేప్‌ల అమ్మకం, దిగుమతి, ప్రకటనలు 2019 చట్టంతో దేశమంతటా నేరం, ‘ఇందులో నికోటిన్ లేదు’ అన్నా సరే. తొలిసారికే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పెన్‌డ్రైవ్‌లా, స్కెచ్ పెన్నులా ఉంటాయి, అమ్మానాన్నలకు చూపించి చెప్పకపోతే పోల్చుకోలేరు.

అపోహ: బడి గేటుకు బోర్డు తగిలించాం, ర్యాలీ తీశాం, చట్టం అమలైనట్టే.

ర్యాలీతో ఫొటో వస్తుంది. పాన్ డబ్బా ఉన్నచోటే ఉంటుంది. కోట్పా (సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం) 6వ సెక్షన్ ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల (91 మీటర్ల పైచిలుకు) లోపు పొగాకు అమ్మకూడదు. తప్పు జరిగేది కొలతలోనే. గేటు నుంచి రోడ్డు వెంట టేపు పట్టుకుపోతారు, వెనక గోడకు ఆనుకున్న దుకాణం లెక్కలోకి రాదు. నిబంధన వేరు: ప్రహరీ బయటి అంచు నుంచి, నాలుగు దిక్కులా, తిన్నగా కొలవాలి. మలుపులు, సందులు కలపకూడదు. ఫోన్ మ్యాపులో ప్రహరీ నాలుగు మూలలూ గుర్తించి దూరం కొలిస్తే అరగంట పని. దుకాణాల జాబితా, తేదీ వేసిన ఫొటోలు కలిపి మున్సిపాలిటీకి లేదా పంచాయతీకి, పోలీస్ స్టేషన్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి.

జరిమానా 200 రూపాయల లోపే. అది దుకాణదారుకి లెక్క కాదు, మళ్లీ మళ్లీ వెళ్తేనే పని జరుగుతుంది. 18 ఏళ్ల లోపు పిల్లలకు పొగాకు ఇస్తే మాత్రం జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ, సంరక్షణ) చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఫిర్యాదులో ఈ సెక్షన్ కూడా రాయండి, చాలామంది మర్చిపోతారు. పిల్లాడు ‘నాన్న తెమ్మన్నాడు’ అన్నా ఇవ్వకూడదు. పిల్లల్ని కొట్లో కూర్చోబెట్టి అమ్మించినా నేరమే.

పెట్టె మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ ఉంటుంది, నిజమే. కానీ కుర్రాడు పెట్టె కొంటేగా! ఒక్కటే విడిగా తీసుకుని, డబ్బాకు వేలాడే లైటర్‌తో అక్కడే అంటించుకుంటాడు. ఆ బొమ్మ అతని కంట పడదు.

అపోహ: మనసు గట్టిదైతే చాలు, మానేయొచ్చు. మానడానికి నమిలే నికోటిన్ గమ్ పనిచేయదు.

కోరిక సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది, ఆ కాసేపు గడవడానికి సాయం కావాలి. పొగాకు మానడానికి సాయపడే జాతీయ హెల్ప్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు. గమ్ విషయానికొస్తే, నిద్రలేచిన అరగంట లోపే మొదటి సిగరెట్టు కాల్చేవాళ్లకు 4 మిల్లీగ్రాములది, మిగతావాళ్లకు 2 మిల్లీగ్రాములది. గర్భిణులు, 18 లోపు వాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వాడకూడదు. మెల్లగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి, ఇలా అరగంట. నమలడానికి పావుగంట ముందు నుంచీ కాఫీ, కూల్‌డ్రింకు వద్దు, వాటి పులుపుకి నికోటిన్ ఒంటికి పట్టదు. వెక్కిళ్లు, కడుపులో మంట వచ్చి ‘నాకు పడలేదు’ అని పారేసేవాళ్లలో చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి ఉమ్మి మింగినవాళ్లే.