పార్కు గ్రౌండ్ నుంచి వరుసగా నాలుగు టైటిళ్ల దాకా: ఓక్లహోమా అమ్మాయిల సాఫ్ట్‌బాల్ జట్టు నేపథ్యం

2025 జూన్ 6న అమెరికా కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో (ఇది బేస్‌బాల్ లాంటి ఆట) రెండు పరిణామాలు జరిగాయి. ఓక్లహోమా సిటీలో టెక్సస్ జట్టు టెక్సస్ టెక్‌ను ఓడించి, నాలుగేళ్లుగా ఓక్లహోమా యూనివర్సిటీ దగ్గరే ఉన్న టైటిల్‌ను సొంతం చేసుకుంది. అదే రోజు ఫెడరల్ జడ్జి క్లాడియా విల్కెన్, కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంఘంపై క్రీడాకారులు వేసిన ‘హౌస్’ కేసు రాజీకి ఆమోదం తెలిపారు. యూనివర్సిటీలు ఇక క్రీడాకారులకు నేరుగా డబ్బు ఇవ్వచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి గరిష్ఠ పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. అందులో అమ్మాయిలకు ఎంత దక్కుతుందన్నదే ఇప్పుడు నడుస్తున్న గొడవ. ఓక్లహోమా జట్టుకు ఈ గొడవ కొత్తేమీ కాదు.

దీనికి మూలం 1972 నాటి టైటిల్ నైన్ చట్టం. కేంద్ర నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ తేడా చూపకూడదన్నది దాని సారాంశం. అందులో ఆటల మాటే లేదు. ఆ నియమం ఆటలకు ఎలా వర్తిస్తుందో ప్రభుత్వం 1979లో మార్గదర్శకాలిచ్చింది. అప్పటికే చాలా యూనివర్సిటీల్లో సాఫ్ట్‌బాల్ జట్లున్నాయి. ఓక్లహోమాలోనూ ఉంది. 1977 నుంచి 1984 దాకా దానికి కోచ్ మరీటా హైన్స్. ఎన్‌సీఏఏ 1982లో మహిళల ఛాంపియన్‌షిప్ మొదలుపెట్టాక తొలి టైటిల్ కాలిఫోర్నియా జట్టు యూసీఎల్ఏకి వెళ్లింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ ఆట పశ్చిమ రాష్ట్రాలదే. ఏడాదంతా బయట ప్రాక్టీసు చేసుకోగల వాతావరణం వాళ్లది.

చట్టం ఉన్నంత మాత్రాన అన్నీ సర్దుకోలేదు. 1990లో ఓక్లహోమా యూనివర్సిటీ తన మహిళల బాస్కెట్‌బాల్ జట్టును రద్దు చేసింది. దేశమంతా నిరసన రావడంతో ఎనిమిది రోజులకు వెనక్కి తగ్గింది. కొన్నేళ్లకు ఇదే యూనివర్సిటీకి లాంగ్‌బీచ్ సిటీ కాలేజీ నుంచి ప్యాటీ గాసో సాఫ్ట్‌బాల్ కోచ్‌గా వచ్చారు. 1995 ఆమెకు మొదటి సీజన్. జట్టుకు సొంత గ్రౌండ్ లేదు. నార్మన్ ఊళ్లోని రీవ్స్ పార్కులో, జనమంతా వాడుకునే గ్రౌండ్‌లోనే ఆడేవారు.

సొంత గ్రౌండ్ ఎందుకంత ముఖ్యమో ఈ ఆట తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సాఫ్ట్‌బాల్‌లో బేస్‌ల (పరుగెత్తి చేరాల్సిన నాలుగు మూలలు) మధ్య స్థలమంతా మట్టే, గడ్డి ఉండదు. నీళ్లు తక్కువైతే నేల గట్టిపడి బంతి ఎటు లేస్తుందో తెలియదు. వాన పడితే బురదై ప్రాక్టీసు ఆగిపోతుంది. పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి విసిరే క్రీడాకారిణి) కాలు మోపే చోట ప్రతి ఆటకీ గుంట పడుతుంది. దాన్ని పూడ్చి, తడిపి, గట్టిగా కొట్టకపోతే మర్నాడు అక్కడే మడమ మెలిక పడుతుంది. రోజూ చూసుకునే మనిషి లేని గ్రౌండ్‌లో ఇవేవీ జరగవు. అందుకే ఈ జట్టు చరిత్రలో అసలు మలుపు 1998 అని మా అభిప్రాయం. ఆ ఏడాదే సొంత మైదానం తయారైంది, దానికి మరీటా హైన్స్ పేరే పెట్టారు. రెండేళ్లకు, 2000లో, ఫైనల్లో యూసీఎల్ఏను 3-1తో ఓడించి జట్టు తొలి టైటిల్ గెలిచింది.

రెండో టైటిల్‌కు మాత్రం 13 ఏళ్లు పట్టింది. 2013లో కీలానీ రికెట్స్ ప్రధాన పిచ్చర్. అయినా మూడు ఆటల ఫైనల్లోని రెండో ఆటలో బంతి మిషెల్ గాస్కోయిన్‌కిచ్చారు. ఆమె పరుగు ఇవ్వలేదు, రికెట్స్ బ్యాట్‌తో నాలుగు పరుగులు రాబట్టింది, స్కోరు 4-0. ఒక్కరి చేతి మీదే ఆధారపడకూడదన్న ఆలోచన తర్వాతి ఏళ్లలో బాగా ఫలించింది. పిచ్చింగ్ దూరం 43 అడుగులే, క్రికెట్ పిచ్ 66. గంటకు 70 మైళ్ల బంతి అర సెకను కూడా పట్టకుండా బ్యాటర్‌ని చేరుతుంది. మొదటిసారి తడబడిన బ్యాటరే మూడోసారి వచ్చేసరికి ఆ చేతి తీరు పసిగడుతుంది. అప్పుడు వేరే వేగం, వేరే మలుపు ఉన్న పిచ్చర్‌ని దింపాలి. మొదలుపెట్టిన పిచ్చర్ ఒకసారి బయటికెళ్లి తిరిగి రావచ్చన్న నిబంధన దీనికి కలిసొస్తుంది. 2023లో జోర్డీ బాల్, నికోల్ మే, అలెక్స్ స్టొరాకో ముగ్గురూ బరువు పంచుకున్నారు. ఆ సీజన్లో జట్టు 61 ఆటలు గెలిచి, ఫిబ్రవరిలో బేలర్ చేతిలో ఒక్కటే ఓడింది. ఆ తర్వాత మొదలైన వరుస విజయాలు 71 దాకా వెళ్లాయి. 2024 మార్చిలో, కొత్తగా తెరిచిన తమ సొంత గ్రౌండ్ లవ్స్ ఫీల్డ్‌లోనే, లూసియానా జట్టు ఆ వరుసకు అడ్డుకట్ట వేసింది.

బ్యాటింగ్ సంగతి చెప్పాలంటే జోసెలిన్ ఆలో ఒక్కతే చాలు. కెరీర్ మొత్తంలో 122 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్లలా బంతి కంచె దాటే దెబ్బలు) కొట్టింది. పాత రికార్డు 95 కూడా ఓక్లహోమా అమ్మాయి లారెన్ చాంబర్లెయిన్‌దే.

జట్టు ఇంత ఎదిగినా వసతులు దాని వెంట రాలేదు. టైటిల్ తేల్చే చివరి టోర్నీ, 2021 కాలేజ్ వరల్డ్ సిరీస్ జరిగిన స్టేడియంలో క్రీడాకారిణులకు స్నానాల గదులు లేవు. వాన పడితే సర్దుకోవడానికి ఖాళీ రోజుల్లేక, ఆటలు అర్ధరాత్రి దాటేదాకా నడిచాయి. గాసో దీన్ని బహిరంగంగానే తప్పుపట్టారు. మరుసటి ఏడాది షెడ్యూల్‌లో అదనపు రోజులు చేర్చారు.

ఇప్పటి మార్పు సంగతి. ఇంతకుముందు సాఫ్ట్‌బాల్ జట్టుకు 12 పూర్తి స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ఇరవై మందికో అటూ ఇటుగానో ముక్కలు చేసి పంచేవారు. రాజీతో ఆ పరిమితి పోయింది. జట్టులో 25 మందికి మించకూడదన్నదే నియమం, అందరికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వచ్చు. ఇది నిజంగా మేలే. నేరుగా ఇచ్చే డబ్బు లెక్క వేరు. చాలాచోట్ల అనుకుంటున్న పంపకంలో నాలుగింట మూడొంతులు అబ్బాయిలు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌కు, సుమారు 15 శాతం పురుషుల బాస్కెట్‌బాల్‌కు. మిగిలిందే మహిళల బాస్కెట్‌బాల్, ఇతర ఆటలన్నీ పంచుకోవాలి. ఈ చెల్లింపులకూ టైటిల్ నైన్ వర్తిస్తుందని 2025 జనవరిలో విద్యాశాఖ చెప్పింది, ప్రభుత్వం మారాక ఫిబ్రవరిలో ఆ మాట వెనక్కి తీసుకుంది. యూనివర్సిటీ కాకుండా దాతలు, స్పాన్సర్లు ఇచ్చే బయటి డబ్బు ఇప్పటికే ఆటను మార్చేసింది. 2025 సెమీఫైనల్లో ఓక్లహోమాను ఇంటికి పంపిన టెక్సస్ టెక్ పిచ్చర్ నిజారీ కెనడీ, అంతకుముందు ఏడాది స్టాన్‌ఫర్డ్ వదిలి పది లక్షల డాలర్లకు పైగా ఒప్పందంతో అక్కడ చేరింది. ఫుట్‌బాల్‌కు ముప్పావు వంతు ఇవ్వడం 1972 చట్టానికి లోబడే ఉందా అన్నది ఇక కోర్టులే తేల్చాలి.